ఇన్‌స్టాగ్రాంలో చీరల కొట్టు - కొన్ని లెక్కలు

ఈ మధ్య మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర వారానికి ఒకరైనా ఈ కబురు మోసుకొస్తున్నారు. "మా ఆవిడ ఇన్‌స్టాలో పేజీ పెట్టింది బాస్, కాస్త ఫాలో అవ్వు." ఒకరిది కేకులు, ఒకరిది చిరుధాన్యాల లడ్డూలు, ఇంకొకరి అమ్మగారివి ఆవకాయ, గోంగూర. టీములో పన్నెండు మందిమి ఉంటే నాలుగు పేజీలు తేలాయి. కబురు వినగానే మిగతావాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎంతమంది ఫాలోవర్లు?" రెండో ప్రశ్న "రీల్స్ చేస్తున్నారా?" ఎవ్వరూ అడగని ప్రశ్న ఒకటుంది. "పోయిన నెల ఎన్ని అమ్మారు? ఖర్చులు పోగా చేతిలో ఎంత మిగిలింది?" రోజంతా డాష్‌బోర్డుల ముందు కూర్చునే మనమే ఈ ప్రశ్న మర్చిపోతే ఎలాగండీ?

ఇందులో తలదూర్చడానికి నాకున్న అర్హత ఒక్కటే. 2020 నుంచీ మా అక్క నడుపుతున్న చీరల పేజీకి జీతం బత్తెం లేని ఐటీ డిపార్టుమెంటుని నేనే :) మార్కెటింగు చదువుకోలేదు. చదివింది బీటెక్, చేసేది జావాలో పని. కాబట్టి దీన్ని నిపుణుడి సలహాగా కాకుండా, దగ్గరుండి చూసినవాడి లెక్కలుగా చదువుకోండి.

మా అక్కని ఇచ్చింది భూదాన్ పోచంపల్లి పక్కనే ఉన్న ఒక ఊళ్ళో, మగ్గం నేసే ఇంట్లో. హైదరాబాదు నుంచి యాభై కిలోమీటర్లకి అటూ ఇటూ. బావా, వాళ్ళ నాన్నగారూ ఇద్దరూ నేస్తారు. అక్కడి పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సావుకారి పట్టు ఇస్తాడు, వీళ్ళు నేసిస్తారు, పడుగు లెక్కన కూలీ తీసుకుంటారు. ఆ చీర ఏ షోరూముకి వెళ్ళిందో, ఎంతకి అమ్ముడయిందో, ఏ పెళ్ళిలో ఎవరు కట్టుకున్నారో నేసినవాడికి తెలీదు. మన భాషలో చెప్పాలంటే కోడు రాసి ఇచ్చేయడమే, ప్రొడక్షన్లో ఏమైందో ఎప్పటికీ తెలీదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. షోరూములు మూతపడ్డాయి, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. "ఇప్పుడైతే పట్టు ఇయ్యలేను" అన్నాడు సావుకారి. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఆయన అలమారాలూ నిండే ఉన్నాయి. బావ అప్పు చేసి సొంతంగా నేసుకున్న ఏడు చీరలు బీరువాలో ఉండిపోయాయి. మామయ్య మగ్గం ఆగింది. దాన్ని విప్పేసి కర్ర అమ్మేద్దామన్న మాట కూడా ఇంట్లో వచ్చింది. బావ హైదరాబాదులో ఒక గోడౌనుకి సెక్యూరిటీ గార్డుగా వెళ్దామని ఎవరితోనో మాట్లాడుకున్నాడు. పదహారేళ్ళ వయసు నుంచీ మగ్గం గుంటలో కూర్చున్న మనిషి, గేటు దగ్గర కుర్చీలో కూర్చోవడానికి సిద్ధమైపోయాడు.

ఆ జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. జూలైలో ఇన్‌స్టాగ్రాం వాళ్ళు మన దేశంలో రీల్స్ తెచ్చారు. అప్పటిదాకా టిక్‌టాక్ చూసే మా అక్క ఇటు వచ్చింది. వచ్చినావిడ ఊరికే చూస్తూ కూర్చోకుండా ఆ ఏడు చీరల ఫోటోలు పెట్టింది. అంతే, పేజీ మొదలు. వెనకాల వ్యూహం గట్రా ఏమీ లేదు.

వాళ్ళ అత్తగారు నవ్వింది. "చీర చెయ్యితోటి పట్టి చూసి కొంటరు గానీ, ఫోన్ల జూసి ఎవలు కొంటరు బిడ్డా?" అని. ఆవిడ మాటలో చాలా పెద్ద విషయం ఉంది. తర్వాత మేము చేసిందంతా ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే.

ముందు రంగు సంగతి. అక్క మొదటి ఫోటోలు రాత్రి ట్యూబులైటు కింద తీసింది. నీలం నల్లగా, కుంకుమ రంగు నారింజగా పడ్డాయి. ఇది ఆవిడ చేతకానితనమేం కాదు. ఫోను కెమేరా తనంతట తాను తెలుపు ఏదో ఊహించుకుని మిగతా రంగుల్ని దానికి తగ్గట్టు జరుపుతుంది. అందుకని చీర అంచున ఒక తెల్ల కాగితం పెట్టి, పొద్దున తొమ్మిదింటికి, నేరుగా ఎండ పడని ఉత్తరం వసారాలో తీయడం మొదలుపెట్టింది. ఫిల్టర్లు బంద్. చీర బాగా కనపడాలన్న ఆశకన్నా, పార్సిలు విప్పినప్పుడు అదే రంగు కనపడాలన్న భయం ఎక్కువగా ఉండాలి. పట్టుచీర వెనక్కి వస్తే రానూ పోనూ కొరియరు ఖర్చు, మళ్ళీ మడత, మళ్ళీ ఇస్త్రీ. అన్నీ మనవే.

రెండోది, అసలైనది. ఇక్కత్ అంటే బట్ట నేశాక వేసే డిజైను కాదు. నూలునో పట్టునో ముందే సైకిలు ట్యూబు ముక్కలతో గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. అక్కడివాళ్ళు చిటికి కట్టడం అంటారు. దానికి ముందు పేక పట్టుని ఆసు మీద చుట్టాలి. ఒక్క చీరకి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్ళమ్మ పడే ఆ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం కనిపెట్టారు. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. ఇంత తతంగం తర్వాత నేస్తారు కాబట్టి, ఇక్కత్ చీర ముందు ఎలా ఉంటుందో వెనకా దాదాపు అలాగే ఉంటుంది. రంగు దారం లోపలే ఉంది కదా. అదే డిజైనుని బట్ట మీద ప్రింటు వేస్తే వెనకవైపు వెలిసిపోయినట్టు ఉంటుంది.

చేత్తో పట్టుకుంటే ఈ తేడా ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ఫోటోలో? అస్సలు తెలీదు. ముందువైపు నుంచి తీసిన ఫోటోలో ఎనిమిది వందల రూపాయల ప్రింటు చీరా, దానికి పదింతలు ఉండే పట్టు ఇక్కతూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లోనే జీఐ గుర్తింపు వచ్చింది. అది పేరుని కాపాడుతుంది గానీ, ఎక్కడో కూర్చుని ఫోటో చూసి డిజైను దించేసేవాడిని పట్టుకోవడం అంత తేలిక కాదు.

అందుకని అక్క ప్రతి చీరకీ ఒక పదిహేను సెకన్ల వీడియో పెట్టడం మొదలుపెట్టింది. పాటలుండవు, ఆవిడ మొహం కూడా కనపడదు. చీర ముందువైపు చూపించి, చెంగు తిప్పి వెనకవైపు చూపించి, డిజైను అంచుల్లో రంగు కాస్త పాకినట్టుండే ఆ మసకని దగ్గరగా చూపిస్తుంది. కింద చీర పొడవు, పట్టా నూలా, జాకెట్టు ముక్క ఉందా లేదా, ధర. అంతే. అత్తగారి ప్రశ్నకి ఇంతకన్నా దగ్గరి జవాబు ఫోనులో దొరకదు.

ధర దగ్గర మాత్రం బోలెడు చర్చ జరిగింది. పేజీలు నడిపేవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ధర రాయకూడదట. "ప్రైస్ ప్లీజ్" అని నూరుమంది కామెంటు పెడితే పోస్టు ఇంకో వెయ్యిమందికి వెళ్తుందట. అక్క ఒప్పుకోలేదు. "ధర అడగనీకి సిగ్గుపడి పోయేటోళ్ళు ఎందరో ఉంటరు తమ్మీ. నేను షోరూమ్‌కి పోతే చీటీ తిప్పి చూస్త, అడగను" అంది. నాకు ఇది ఏ మార్కెటింగు పుస్తకంలోనూ దొరికేది కాదు. ధర రాశాక కామెంట్లు తగ్గాయి. వచ్చే మెసేజిలు "ఇది కావాలి, ఎలా పంపాలి?" అని రావడం మొదలైంది.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. 2022లో అనుకుంటా, బావ చిటికి విప్పుతున్నప్పుడు అక్క తీసిన ఒక వీడియో ఎక్కడికో వెళ్ళిపోయింది. రబ్బరు ముక్క ఊడగానే లోపలి తెల్లటి చుక్క బయటపడే దృశ్యం. నిజంగానే చూడముచ్చటగా ఉంటుంది. ఆరు లక్షలమంది చూశారు. నాలుగు వందలకి పైగా మెసేజిలు వచ్చాయి. బజారులో జనం బావని గుర్తుపట్టారు. ఆ నాలుగు వందల మెసేజిల్లో ఎక్కువ భాగం "వావ్", "సూపర్ అన్నా", "రెండు వేలలో ఉన్నాయా?" చివరికి ఆ వీడియో వల్ల అమ్ముడైన చీరలు రెండు.

అదే నెలలో పెట్టిన ఒక చప్పటి వీడియోని తొమ్మిది వందల మంది చూశారు. చిలకపచ్చ చీర, ముందూ వెనకా చూపించి, ధర రాసింది. ఆ రోజు సాయంత్రానికి అదే పడుగులోవి మూడు చీరలు వెళ్ళిపోయాయి.

ఆరు లక్షలకి రెండు, తొమ్మిది వందలకి మూడు. లోడు టెస్టుని చూసి ఆదాయం అనుకోకూడదని మనకి వేరే చెప్పాలా?

"పోనీలే, ఆ చూడ్డం ఉచితమే కదా, పోయేదేముంది" అనిపిస్తుంది. పోయేది ఉంది. మగ్గం ఉన్న ఇంట్లో ఆడవాళ్ళ పని బయటికి కనపడదు. పేక దారాన్ని కండెలకి చుట్టి, ఏ కండె తర్వాత ఏ కండె అన్న వరుస తప్పకుండా పేర్చి ఇచ్చేది అక్కే. వరుస తప్పితే డిజైను చెడిపోతుంది. ఆ నాలుగు వందల మెసేజిలకి జవాబు ఇవ్వడానికి ఆవిడకి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ కండెలు లేక బావ మగ్గం సగం సగమే నడిచింది. "మెసేజులకు జవాబు చెప్పుకుంట కూసుంటే కండెలు ఎవరు చుట్టాలె తమ్మీ?" అని అక్క అడిగినప్పుడు, ఉచిత ప్రచారం అన్న మాటలో ఉచితం ఎవరికో నాకు బాగా అర్థమైంది. చిన్న వ్యాపారంలో ఫోను పట్టుకున్న చెయ్యీ, సరుకు తయారుచేసే చెయ్యీ ఒకటే. ఆవకాయ పెట్టే అమ్మగారికైనా, కేకులు చేసే చెల్లెలికైనా ఇదే లెక్క.

ఆ తర్వాత అక్క ఒక నియమం పెట్టుకుంది. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకే జవాబులు. ఆ మాట పేజీ మీదే రాసింది. తరచూ అడిగే ఆరు ప్రశ్నలకి జవాబులు ముందే రాసిపెట్టుకుంది, అవి నేను టైపు చేసిచ్చాను. వీడియో కాల్ కావాలంటే పగటి వెలుతురులో మాత్రమే, అదీ ఆదివారం. కొన్నాళ్ళు భయపడింది, గిరాకీ పోతుందేమోనని. కొనదల్చుకున్నవాళ్ళు రాత్రి ఎనిమిది దాకా ఆగారు.

ఇంకో చిక్కు వేగంలో ఉంది. ఒక పడుగు అంటే వాళ్ళింట్లో ఏడు చీరలు. చిటికి దగ్గర్నుంచి చివరి చీర కోసేదాకా దాదాపు రెండు నెలలు. ఏడూ ఇంచుమించు ఒకటే డిజైను, మహా అయితే రంగుల్లో తేడా. పేజీకేమో రోజూ కొత్తది కావాలి. రోజుకొకటి పెట్టేవాళ్ళనే జనం దాకా తీసుకెళ్తుందని అందరూ చెబుతారు. మగ్గానిది ఒక వేగం, ఫోనుది ఇంకో వేగం. ఈ రెండిటి మధ్యలో దూరే ప్రలోభం ఏంటో తెలుసా? బయటి సరుకు.

ఒక వ్యాపారి నిజంగానే వచ్చాడు. "నీ పేజీకి పేరుంది, నా దగ్గర ఇక్కత్ ప్రింటు చీరలున్నయి, రోజుకు నాలుగు పెట్టుకో, సగం సగం" అన్నాడు. నెల తిరిగేసరికి బావ రెండు నెలల సంపాదన చేతికొచ్చే బేరం. ఇంటి మీద అప్పు ఉంది, పిల్లాడి స్కూలు ఫీజు ఉంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదని అక్క చెప్పింది. పొద్దున్నే బావ అన్న మాట ఒక్కటే. "వెనక తిప్పి చూపెట్టు చూపెట్టు అని మనమే నేర్పితిమి జనాలకు. ఇప్పుడు వెనక చూపెట్టకుంట అమ్ముదామా?" అక్కడితో ఆ బేరం అయిపోయింది. తర్వాత ఆ వ్యాపారికి వేరే పేజీ ఎవరో దొరికారనుకోండి, అది వేరే సంగతి.

రోజూ పెట్టడానికి చీరలు లేనప్పుడు ఏం పెట్టాలి? వారానికి రెండే పెడుతోంది. ఒకటి అమ్మకానికి ఉన్న చీర, ఒకటి పనిలో ఏదో ఒక దశ. గ్రాఫు కాగితం మీద డిజైను, ఆసు, చిటికి, రంగు కాగు, కండెలు. ఈ రెండో రకం పోస్టులు చీరలు అమ్మవు, అది పైన చూశాం. అయితే ధర ఎందుకంత అన్న ప్రశ్నని అవి చాలావరకు ఆపేశాయి. బేరాలు తగ్గాయి. అదీ లాభమే.

ఫోటోలు దొంగిలించడం గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. ఒక పేజీ వాళ్ళు అక్క పెట్టిన ఫోటోలనే ఎత్తి, మూడో వంతు ధర వేసి, డబ్బులు తీసుకుని ప్రింటు చీరలు పంపారు. మోసపోయిన ఒకావిడ ఎక్కడో అసలు ఫోటో చూసి మా అక్కకి ఫోన్ చేసి నానా మాటలూ అంది. అక్క ఏడ్చింది. కాపీరైటు ఫిర్యాదు పెట్టే పని నేను చూశాను. కానీ దొంగతనం జరిగాక పరిగెత్తడంకన్నా ముందే గుర్తు పెట్టుకోవడం మేలు కదా. అప్పట్నుంచీ ప్రతి చీర మీదా చేతిరాతతో ఒక చీటీ ఉంటుంది. దాని మీద చీర నంబరు, మగ్గం దించిన తేదీ. ఫోటోలో ఆ చీటీ చీర డిజైను మీదే ఉంటుంది, కత్తిరించడానికి వీల్లేకుండా. మన బిల్డు నంబర్ల ఆలోచనే. పార్సిల్లో కూడా అదే చీటీ వెళ్తుంది. చిత్రమేమిటంటే, కొన్నవాళ్ళు ఆ చీటీలు దాచుకుంటున్నారు. "మీ 112 నంబరు చీర మా అమ్మాయి సీమంతానికి కట్టాను" అని మెసేజి పెడతారు.

ఆ నంబర్ల కోసం కొన్నదే నోటు పుస్తకం. రూళ్ళది, రెండు వందల పేజీలది. చీర నంబరు, కొన్నవాళ్ళ పేరు, ఊరు, ఫోను నంబరు, తేదీ, ఎందుకు కొన్నారు. నా దృష్టిలో ఆ ఇంట్లో మగ్గం తర్వాత అంత విలువైన వస్తువు అదే. ఎందుకంటే పేజీ మనది కాదు. పుస్తకం మనది.

పేజీ మనది కాదని ఎందుకంటున్నానంటే, దాని చరిత్ర ఒకసారి చూడండి. 2010 అక్టోబరు 6న మొదలైనప్పుడు ఇన్‌స్టాగ్రాం ఐఫోనులో చదరపు ఫోటోలు పెట్టుకునే చిన్న అప్లికేషను. అంతకుముందు బర్బన్ పేరుతో, ఎక్కడున్నామో నలుగురికీ చెప్పుకునే అప్లికేషనుగా కెవిన్ సిస్ట్రోమ్ మొదలుపెట్టాడు. తర్వాత మైక్ క్రీగర్‌తో కలిసి మిగతావన్నీ పీకేసి ఫోటోల మీదే కూర్చున్నారు. 2012 ఏప్రిల్లో ఫేస్‌బుక్ దాన్ని వంద కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించేనాటికి అక్కడ పనిచేసేది 13 మంది. 2015 ఆగస్టులో ఫోటో చదరంగానే ఉండాలన్న నియమం పోయింది. 2016లో, ముందు పెట్టింది ముందు అన్న వరుస మార్చి, ఎవరికి ఏది చూపించాలో తామే నిర్ణయిస్తామన్నారు. జనం తమ ఫీడులో సగటున 70 శాతం చూడకుండానే వదిలేస్తున్నారని వాళ్ళు చెప్పిన కారణం. 2020లో రీల్స్. 2021 జూన్ చివర్లో ఇన్‌స్టాగ్రాం అధిపతి ఆడం మొస్సేరి, ఇది ఇక ఫోటోలు పంచుకునే అప్లికేషను కాదని బాహాటంగానే చెప్పేశాడు. 2022లో పాత వరుస కావాలనుకునేవాళ్ళకి ఆ వీలు తిరిగొచ్చింది. 2025 జనవరిలో ప్రొఫైలు పేజీలో చదరాలు నిలువు పెట్టెలయ్యాయి.

వీటిలో ఏదీ తప్పని అనను. వాళ్ళ ఇల్లు, వాళ్ళ గోడలు, వాళ్ళిష్టం. మనం అద్దెకి కూడా కాదు, ఉచితంగా ఉంటున్నాం. కానీ ఆ ఇంట్లో దుకాణం పెట్టుకున్నప్పుడు గోడలు జరుగుతాయని తెలిసి ఉండాలి. వేరేవాళ్ళ ఏపీఐ మీద ఆధారపడిన సిస్టముకి మనం ఏం చేస్తాం? అది మారినా, పడిపోయినా నడిచే దారి ఒకటి పక్కన ఉంచుకుంటాం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆరు గంటల పాటు ఆగిపోయాయి, గుర్తుందా? మన కొట్టూ, కొట్టు తలుపూ, కస్టమర్ల చిట్టా మూడూ ఒకే కంపెనీ దగ్గర పెట్టుకుంటే ఏమవుతుందో ఆ రోజు ప్రపంచమంతా చూసింది.

ఇప్పుడు నోటు పుస్తకం లెక్క. అందులో 214 పేర్లున్నాయి. మొదటి అరవై పేర్లూ పేజీ చూసి వచ్చినవాళ్ళే, అందులో అనుమానం లేదు. పోయిన ఏడాది రెండు మగ్గాల మీదా కలిపి అమ్మింది 76 చీరలు. 47 చీరలు పుస్తకంలో అప్పటికే పేరున్నవాళ్ళు కొన్నారు. 17 చీరలు వాళ్ళు చెబితే వచ్చినవాళ్ళు కొన్నారు. వదినలు, తోటికోడళ్ళు, ఆఫీసులో పక్క సీటువాళ్ళు. కేవలం పేజీ చూసి కొత్తగా వచ్చి కొన్నవి 12. ఈ మూడు అంకెలు చూశాక నాకు అర్థమైంది ఇదీ. ఫోటో కొత్త మనిషిని గుమ్మం దాకా తీసుకొస్తుంది. అది చాలా పెద్ద పని. ఆ పని చేసినందుకు ఇన్‌స్టాగ్రాంకి దణ్ణం పెట్టాలి. సావుకారి తప్ప వేరే దారి తెలియని ఇంటికి అరవై మంది కొత్తవాళ్ళని ఇంకెవరు తెచ్చేవారు? ఆ తర్వాత పని మాత్రం ఫోటోది కాదు. చెప్పిన రోజుకి పంపడం, చెప్పిన రంగే పంపడం, పండక్కి పది రోజుల ముందు "అక్కా, మీరు అడిగిన నెమలికంఠం రంగు దిగింది" అని ఒక ఫోన్ చెయ్యడం. దీనికి అల్గారిథం అక్కర్లేదు.

మా టీములో ఒకతను ఇన్‌ఫ్లుయెన్సర్లకి చీరలు ఉచితంగా ఇమ్మన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నేను అతనికి చెప్పిన లెక్క మీకూ చెబుతాను. ఒక చీర అంటే ఇద్దరు మనుషుల వారం పని. ఎవరో పరిచయం లేనివాళ్ళు వచ్చి "మా కంపెనీకి ఒక స్ప్రింటు ఉచితంగా చేసిపెట్టండి, మీ పేరు చెబుతాం" అంటే మనం చేస్తామా? పెద్ద బ్రాండుకి అది ప్రచార ఖర్చు. రెండు మగ్గాల ఇంటికి అది వారం రోజుల తిండి.

చిల్లర విషయాలు కొన్ని. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాటు చూసి పార్సిలు కట్టకండి. బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసి కట్టండి. దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచెయ్యడం చాలా తేలిక. పార్సిలు కట్టేటప్పుడు చీటీ నంబరు కనపడేలా ఒక వీడియో తీసిపెట్టుకోండి. తినే వస్తువులు అమ్మేవాళ్ళు ఇంట్లో చేసినా సరే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను చేయించుకోవాలి. వేరే రాష్ట్రాలకి పంపేవాళ్ళు జీఎస్టీ సంగతి ముందే ఆడిటర్ని అడిగి తేల్చుకోవాలి. అమెరికా ఆర్డర్లకి మా పద్ధతి మాత్రం ఎవరికీ చెప్పకండి. మా ఆఫీసులో ఆన్‌సైటు వెళ్ళే ప్రతివాడి సూట్‌కేసులో రెండు చీరలుంటాయి :)

ఇంతకీ ఆ ఇల్లు ఇప్పుడెలా ఉందంటారా? బావ గోడౌనుకి వెళ్ళలేదు. మామయ్య మగ్గం విప్పలేదు. ఆయన కళ్ళు సహకరించక ఆపేస్తే, దాని మీద పక్కింటాయన నేస్తున్నాడు. సావుకారితో సంబంధం తెగలేదు, ఏడాదికి రెండు పడుగులు ఇప్పటికీ ఆయనకే. అది కూడా మంచిదే, ఒక్క దారి మీదే ఆధారపడకూడదు కదా. అప్పు తీరలేదు గానీ తగ్గింది. పేజీ వల్ల వాళ్ళు కోటీశ్వరులైపోయారని రాస్తే మీకూ చదవడానికి బాగుండేది, కానీ 76 చీరలతో ఎవరూ కోటీశ్వరులు కారు. నెల నెలా ఇల్లు గడుస్తోంది. పైగా తన చీర ఎవరు కట్టుకున్నారో బావకి ఇప్పుడు తెలుస్తోంది. ఈ రెండోదానికి ఆయన ఎంత విలువ ఇస్తాడో నేను అంకెల్లో చెప్పలేను.

ఒక్కటి మాత్రం పేజీ వల్ల కాదు. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. ఫోటోలు వాడే తీస్తాడు, బాగా తీస్తాడు. మగ్గం ఎక్కమంటే మాత్రం "నేను మామ లెక్క కంప్యూటర్ జాబ్ చేస్త" అంటాడు. ఎక్కమని బావ గట్టిగా చెప్పడు, వద్దనీ చెప్పడు. కొనేవాళ్ళని ఫోటోలతో తెచ్చుకున్నాం. నేసేవాళ్ళని ఎలా తెచ్చుకోవాలో మా ఇంట్లో ఇంకా ఎవరికీ తెలీదు. మీకేమైనా తోస్తే చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.

అన్నట్టు, మీ ఇంట్లో ఎవరైనా పేజీ పెడుతుంటే లైకు కొట్టి ఊరుకోకండి. ఒక రూళ్ళ నోటు పుస్తకం కొనివ్వండి, అరవై రూపాయలు కూడా అవ్వదు. మొదటి పేజీలో మొదటి కస్టమరు పేరు రాయించండి. మూడు నెలల తర్వాత ఫాలోవర్ల సంఖ్య అడక్కుండా, ఆ పుస్తకంలో ఒకే పేరు రెండోసారి ఎన్ని చోట్ల వచ్చిందో లెక్కపెట్టండి. ఆ అంకె పెరుగుతుంటే వ్యాపారం నడుస్తున్నట్టే.

ఉంటాను మరి. రేపు ఆదివారం, నాకు వీడియో కాల్స్ డ్యూటీ ఉంది.